నీటి అంచున వీపు

వెలుగు వస్తుంది, రాక ఎక్కడికి పోతుంది. పడమట మబ్బు అడుగున బెత్తెడు సందు విడింది. సూర్యుడు జారి జారి ఆ సందులోకి దిగేదాకా ఓపిక పట్టాలి, అంతే. ఓపిక పట్టడం తప్ప ఈ దిబ్బ మీద ఉల్బోసిన్‌కి వేరే పని ఏనాడుంది గనక. స్టాండు మూడు కాళ్ళ మధ్య రాళ్ళ సంచీ వేలాడదీసింది, లేకపోతే ఈ గాలికి కెమెరా ఎగిరిపోయి ఒంటెల మధ్య పడుతుంది. ఈశాన్యపు గాలి, ఉప్పు మోసుకొచ్చే గాలి. ఈ గాలి రోజున పెదాలు నాక్కుంటే చాలు, కూరలో ఉప్పు వెయ్యక్కర్లేదు అనేవాడు ఇంటాయన. అనేవాడు. ఏడాది నించీ అన్నీ అంతే, అనేవాడు, తినేవాడు, వచ్చేవాడు. కింద ఆరాల్ సముద్రం ఇప్పుడు పొయ్యి బూడిద రంగులో ఉంది. ఇందాక తగరంలా ఉండేది. అంతకు ముందు దక్షిణం నించి వాన తెర ఒకటి కాళ్ళున్నట్టు నడిచొచ్చి తీరాన్ని సగం తుడిచేసి పోయినప్పుడు, నీళ్ళేవో ఆకాశమేదో తెలియలేదు, కెమెరా కంటికి ఆనేదేమీ లేక లెన్స్ మీద గుడ్డ కప్పి తను కాసేపు శాలువాలో ముడుచుకుంది. అలాంటి వేళ ఫోటో తీస్తే తెల్ల కాగితం వస్తుంది. తెల్ల కాగితం తీసుకెళ్ళి రాళ్ళు చెక్కేవాడి చేతిలో పెట్టలేం కదా.

రేపు పొద్దుటికి పట్నంలో రాళ్ళు చెక్కే ముసలాడికి ఫోటో అందాలి. మొహం ఉన్న ఫోటో. ఆయన పోయి ఏడాదైందని ఊరికి అన్నం పెట్టే రోజుకి సమాధి మీద నల్లరాయి నిలబడాలి, రాయి మీద మనిషి మొహం ఉండాలి, చుట్టుపక్కల ఏ ఊరి శ్మశానంలో చూసినా అంతే. ఈ ఊరి శ్మశానంలో అయితే చనిపోయినవాళ్ళు సగానికి సగం ఉల్బోసిన్ తీసిన ఫోటోల్లోంచే చూస్తుంటారు. పడవ సరంగు గడ్డం నిమురుకుంటూ, బడి వంటావిడ నవ్వాపుకుంటూ, ముల్లా గారి పెద్దభార్య కెమెరా తన ప్రాణం లాక్కుంటుందేమోనని గుడ్లురిమి చూస్తూ. వాళ్ళందర్నీ గోడ ముందు కూచోబెట్టి, గడ్డం పైకెత్తండి, అంత బిగుసుకోకండి, కోడలు టీ తెస్తోంది అనుకోండి అని మాటలు చెప్పి నవ్వించి తీసింది తనే. ఇంట్లోవాడి మొహం మాత్రం లేదు. మంగలి గడ్డం మాసిపోయినట్టు. మొన్న కొడుకు ఫోన్లో నిష్ఠూరమాడాడు, 'ఊరందరి మొహాలూ నీ పెట్టెలో ఉన్నాయి కదమ్మా, నాన్నది ఒక్కటి లేదా' అని. లేదురా అంది. లేకపోవడమేంటమ్మా అన్నాడు వాడు. ఇక్కడ గాలి ఎక్కువుంది, సరిగ్గా వినబడ్డం లేదు అని పెట్టేసింది. పెళ్ళినాటి ఫోటో ఒకటుంది, అందులో సరిగ్గా మీట నొక్కే వేళకి ఆయన కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకున్న మొహాన్ని సమాధి రాయి మీద చెక్కించుకునేవాళ్ళెవరు? గుర్తింపు కార్డుంటే అదైనా పనికొచ్చేది. చావు రాయించుకోడానికి వెళ్ళినప్పుడు కార్డు మాకిచ్చెయ్యాలమ్మా అంటే తీసి ఇచ్చేసింది, అందులో మొహం ఉందన్న సంగతి ఇంటికొచ్చి టీ పెట్టుకున్నాక గానీ తట్టలేదు.

వీపులున్నాయి. పెట్టెలు పెట్టెలు వీపులు. మొహం అడిగితే లేదు గానీ వీపు అడిగితే ఏ ఏటి వీపు కావాలంటే ఆ ఏటిది తీసివ్వగలదు. పడుచు వీపు, జీతం సరిగా రాని రోజుల్లో కుంగిన వీపు, కొత్త కోటు వేసుకున్న వీపు, కోటు పాతబడి భుజాల దగ్గర రంగు పోయిన వీపు, మెడ వెనక ఎండిన చెరువు మట్టిలా పగుళ్ళు దేరిన చర్మం, కుడిచెవి ఎడమదానికన్నా ఒక గోరంత పైకి. సముద్రం ఏటా ఎంత తగ్గుతోందో లెక్కగట్టే పరిశోధన కేంద్రం నించి వచ్చిన కళ్ళజోడాయన ఆ మొదటి రోజు ఇదే దిబ్బ మీద నిలబడి చెప్పాడు, ఏటా వసంతంలో ఒకటి, ఆకురాలే కాలంలో ఒకటి, ఈ రాయి మీంచే తియ్యాలి, నీటి అంచున ఒక మనిషిని నిలబెట్టాలి, దూరం కొలవడానికి. మనిషి మొహం కెమెరా వైపు ఉండకూడదు. మొహం కనబడితే చూసేవాడి కన్ను మొహం మీదే వాలుతుంది, నీళ్ళ మీదికి పోదు. ఎంత నిజం. ఆ మాట నచ్చి గట్టిగా పట్టుకుంది తను. మంచి పనిమంతురాలు అనిపించుకోవాలని ఆశ, ఆడది కెమెరా పట్టుకుందని నవ్విన ఊరు అది. మనిషిని నిలబెట్టాలంటే ఎవర్ని నిలబెడుతుంది, జీతమడగని మనిషి ఇంట్లో ఒకడున్నాడు. వలలు ఆరేసి వచ్చి నిలబడేవాడు. 'ఏం, నీ కొలబద్ద తయారు' అనేవాడు. ఊళ్ళోవాళ్ళకి అదే పేరైపోయింది, కొలబద్ద వస్తున్నాడు, కొలబద్ద పోతున్నాడు.

మొదటి ఏడు నీళ్ళు ఈ దిబ్బ పాదాన్నే ఉండేవి. ఫోటోలో ఆయన తలుపంత ఉన్నాడు, కోటు అంచు గాలికి లేస్తే అందులో దారపుపోగు కూడా లెక్కపెట్టొచ్చు. మరుసటేడు నీళ్ళు వెనక్కి పోయాయి, ఆయన వాటి వెంట పోయాడు. దిబ్బ కదలదు, రాయి కదలదు, తను కదలదు. నీళ్ళు కదిలాయి, వాటితో బాటు ఆయన. తలుపంత ఉన్నవాడు గుంజంత అయ్యాడు, గుంజంత ఉన్నవాడు వేలంత, వేలంత ఉన్నవాడు అగ్గిపుల్లంత, ఆపైన నువ్వుగింజ. పడవలు ఎక్కడివక్కడ ఒరిగిపోయాయి, ఇళ్ళకి తాళాలు పడ్డాయి, చేపల గిడ్డంగిలో మేకలు ఈనాయి. ఆయన మాత్రం ఏటా రెండుసార్లు తెల్లారగట్లే రొట్టె మూట కట్టుకుని సముద్రం ఎక్కడుందో వెతుక్కుంటూ నడిచేవాడు. మనిషి ఆనకపోయేసరికి గడ్డం గీసుకునే అద్దం జేబులో వేసుకుపోవడం మొదలెట్టాడు. అక్కడికి చేరాక అద్దంతో ఎండని ఇటు తిప్పేవాడు. చుక్కలా ఒక మెరుపు, చేరాను అని. తను తలకి కట్టుకున్న తెల్లగుడ్డ విప్పి ఊపేది, చూశాను అని. ఆ ఏళ్ళ ఫోటోల్లో ఉన్నది ఆ మెరుపొక్కటే. రోజూ పొద్దున్నే ఆయన మొహం చూసిన అద్దం, దాని వెలుగు ఫిల్మ్ మీద పడింది, మొహం పడలేదు. ఇంకొన్నాళ్ళకి అదీ అందనంత దూరమైంది. చీకటిపడే వేళకి కాళ్ళకి మోకాళ్ళ దాకా ఉప్పు పట్టించుకుని ఇంటికొచ్చేవాడు, టీ గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని జబ్బు మనిషిని చూసొచ్చిన చుట్టంలా చెప్పేవాడు, 'ఉంది. ఇంకా ఉంది.' ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం ఎలా ఉండేది? దీపం ఉంది, టీ గిన్నె నీలిపువ్వు ఉంది, గిన్నె పట్టుకున్న వేళ్ళ మీద వలతాడు కోసిన గీతలున్నాయి. గిన్నె పైన, ఆవిరి వెనక, అక్కడ ఉండాలి మొహం. తను అప్పుడు నెగెటివ్‌ల లెక్క సరిచూసుకుంటోంది కాబోలు.

"ఒదినా! ఒదినోయ్! ఇంకెంతసేపు? నీ సూర్యుడొచ్చే లోపల నాకు వీసా వచ్చేట్టుంది, పైకి."

కింద జీపు చాటున కూచుని పొగాకు నముల్తున్నాడు మరిది. ఊరంతా దోస్‌జాన్ అని పిలుస్తుంది. ఉల్బోసిన్ పిలవదు. కోడలిగా వచ్చిన ఇంట మొగవాళ్ళ పేర్లు నోట రానివ్వకూడదు, మామగారిది గానీ మొగుడిది గానీ ఆఖరికి ముక్కు కారే మరిదిది గానీ. వచ్చిన కోడలు తలా ఒక పేరు తనే పెట్టుకోవాలి. వీడికప్పుడు ఎనిమిదో తొమ్మిదో, అమ్మ వెనకాల ముద్దలు పెట్టించుకుంటూ తిరిగేవాడు, గారాలయ్య అని పెట్టింది. ఇప్పుడు పొట్ట జీపు చక్రానికి తగులుతున్నా గారాలయ్యే.

"నోర్ముయ్ గారాలయ్యా. వెలుగు నీ జీపులా తంతే కదిలేది కాదు."

"నా జీపు తంతే కదలదొదినా, బతిమాలితే కదుల్తుంది. నీకలవాటు లేదులే బతిమాలడం, మా అన్నని ఓయ్ అంటే చాలు, నడిచేవాడు."

ఓయ్ అనేది, నిజమే. ఇంకేమంటుంది? పేరు చెప్పకూడదు. ఇంట్లో ఇంటాయనా అనేది, ఇక్కడ దిబ్బ మీంచి గాలిలో ఇంటాయనా అని అరిస్తే ఒంటెలు కూడా నవ్వుతాయి. ఓయ్, కాస్త ఎడంగా. ఓయ్, ఇంకో రెండడుగులు. ఆయన వీపుతోనే వినేవాడు, వీపుతోనే జరిగేవాడు. పేరుపెట్టి పిలిస్తే ఎవడైనా తిరిగి చూస్తాడు, పశువైనా తిరుగుతుంది. ఓయ్‌కి ఎవరు తిరుగుతారు. తిరిగాడు, ఒక్కసారి తిరిగాడు. సముద్రానికి అడ్డంగా గట్టు కట్టాక, ఊరొదిలి పోయినవాళ్ళు నమ్మలేదు గానీ నీళ్ళు నిజంగానే వెనక్కొచ్చాయి. ఫోటోల్లో నువ్వుగింజ అగ్గిపుల్లైంది, అగ్గిపుల్ల వేలైంది. ఆ వసంతంలో నీళ్ళు ఈ దిబ్బకి పిలుపు దూరానికి వచ్చాయి. ఆ రోజు కూడా ఇలాంటి వెలుగే, మబ్బు కిందనించి పాకొచ్చే వెలుగు, ప్రతి గులకరాయికీ నీడ కట్టే వెలుగు, ఎప్పుడు ఆరిపోతుందో తెలియక తను ఊపిరి బిగబట్టి మీట నొక్కింది. నొక్కే క్షణానే ఆయన గిర్రున ఇటు తిరిగాడు. దోసిళ్ళతో నీళ్ళెత్తి పైకి చిమ్మి, నోరంతా తెరిచి ఏదో అరిచాడు, ముసలి వయసులో కుర్రకుంకలా. తనకేం వినబడింది, గాలి. తనకేం కనబడింది, చెడిపోయిన ఫోటో. 'ఏంటా వేషాలు! ఇంకెన్ని నిమిషాలుంటుందనుకున్నావు వెలుగు? తిరుగటు!' అంది. తిరిగాడు. మళ్ళీ తీసింది, వీపు. రాత్రి రీలు కడిగి ఆరేసి చూస్తే ఆ ముక్కలో ఆయన మొహం నెగెటివ్‌లో నల్లగా, పళ్ళు ఇంకా నల్లగా, చుట్టూ నీటిచుక్కలు నల్ల ముత్యాల్లా. కేంద్రానికి పంపే వరసలో దీనికి చోటు లేదు. కత్తెరతో తీసేసి పొయ్యిలో పడేసింది, పాడైన ముక్కలన్నీ అక్కడికే పోతాయి. చుర్రుమని ఒక్క మంట లేచింది. ఏమని అరిచావు అక్కడ అని అన్నం పెడుతూ అడిగింది. 'ఏం లేదులే' అన్నాడు. ఆ 'ఏం లేదులే'ని అక్కడితో వదిలేసింది, మళ్ళీ అడగొచ్చులే అని. ఆ ఆకురాలే కాలంలోనే వల బాగుచేస్తూ బాగుచేస్తూ గోడకి తల వాల్చాడు, సూది చేతిలోనే ఉంది.

సందు వెడల్పయింది. ఇక వస్తుంది. దక్షిణం పక్క నీళ్ళ మీద ఒక చారిక రాగి గీకినట్టు మెరిసి ఇటు పాకుతోంది. ఇప్పుడు చెప్పాలి వీడికి. ఏటా తీసే తీరం ఫోటోకి నిలబడ్డానికి రమ్మంది గానీ అసలు మాట చెప్పలేదు, దారంతా నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. అన్నదమ్ములిద్దరూ ఒకే పప్పుగింజకి రెండు బద్దలు, కళ్ళు ఆనని ముసలివాళ్ళు ఆయన పోయాక కూడా వీణ్ణి ఆయన పేరుతోనే పిలిచి నాలిక్కరుచుకుంటారు. రాయి మీద చెక్కాక ఎవరు కనిపెడతారు? కొడుక్కి చెప్పదు. పెట్టె అడుగున దొరికిందిరా అంటుంది. సంచీలోంచి ఇంటాయన గొర్రెతోలు టోపీ తీసుకుని దిబ్బ దిగింది.

"ఈ టోపీ పెట్టుకుని నీటి అంచుకి వెళ్ళు. అక్కణ్ణించి నా వైపు తిరుగు."

"తిరగడమా? వీపు కదా ఎప్పుడూ." టోపీ అందుకున్నాడు, లోపల చెమట మరక చూశాడు, ఒదినని చూశాడు. బండవాడే గానీ మొద్దు కాదు. పొగాకు ఉమ్మేశాడు. "రాయి మీదికా?"

అతని చేతిలోని టోపీ మీద ఉప్పు దులిపింది ఆమె.

"నా మొహం అక్కడ చెక్కిస్తే రేపు నేను పోయాక నాకేం పెడతారొదినా? మళ్ళీ ఇదేనా? దారినపోయేవాడు చూసి, పాపం ఒకే మనిషి రెండుసార్లు చచ్చాడనుకుంటాడు."

"నీకు రాయి చాలదులే. నీ పొట్టకి కొండే కావాలి."

నవ్వాడు, ఆ నవ్వు మధ్యలోనే తెగింది. టోపీ పెట్టుకుని, రెండు చేతుల్తో సరిచేసుకుని, "ముక్కు మా అన్నదే. గడ్డం కొంచెం దాస్తాలే" అంటూ నీళ్ళవైపు నడిచాడు. దిబ్బెక్కి దూరపు లెన్స్ బిగించేసరికి ఆమెకి ఆయాసం వచ్చింది. వెలుగొచ్చింది. ఒకేసారి, తలుపు తోసినట్టు. ఉప్పు పేరిన నేల గోధుమరొట్టె రంగులోకి తిరిగింది, రెల్లు ఒక్కో ఆకూ విడివిడిగా నిలబడింది, నీళ్ళు రాగి, ఆ రాగికి ఎదురుగా ఆ వీపు. అదే భుజం వాలు, చెయ్యి వెనక్కి పెట్టుకోవడం అదే. ఓయ్ అంటే జరుగుతుంది ఆ వీపు. అనకు, కాసేపు అనకు, అలాగే ఉండనీ. కానీ వెలుగు ఉండనియ్యదు, మబ్బు మీద మబ్బు వస్తోంది, తెల్లగుడ్డ విప్పి ఊపింది, అతను తిరిగాడు.

లెన్స్‌లో నిండుగా మొహం. ముక్కు ఉంది. చెంప ఎముకలున్నాయి. టోపీ అంచు నీడ నుదుటి మీద సరిగ్గా పడింది, ఇంతకన్నా మంచి వెలుగు ఏ గోడ ముందూ దొరకదు. వేలు మీట మీద ఉంది. ఇది కాదు. ఏం కాదు? వీడు కెమెరాని చూస్తున్నాడు, ఫోటో తీయించుకునే మనిషిలా, మెడ బిగించి, బాగా రావాలని. ఆయన చూసేవాడు కాదు అలా. ఆయన తనని చూసేటప్పుడు ఎడమకన్ను కొంచెం చిన్నదయ్యేది, ఎండలో దూరం అంచనా కడుతున్నట్టు, గదిలో ఎదురుగా కూచున్నా సరే అలాగే, ఎంత దూరంలో ఉన్నావు నువ్వు అన్నట్టు. కింది పెదవి లోపలికి మడిచేవాడు, నవ్వొచ్చే ముందు, నవ్వు తనకి నచ్చుతుందో లేదోనని. అలా చూసి చూసి, తన చూపు అటు పడకపోతే, ఆ పెదవిని మెల్లగా వదిలేసేవాడు. గిన్నె పైన, ఆవిరి వెనక, ఉంది. ఉంది. వీడి మొహంలో లేనిచోటల్లా ఆయన మొహం ఉంది. ఇంతకాలం ఎక్కడ వెతికిందో అక్కడ దొరకని మొహం, ఇది కాదు అనుకున్న క్షణాన మొత్తంగా వచ్చి నిలబడింది, నిలబడినట్టే నిలబడి గాలికి రెల్లులా వంగింది. దాన్ని పట్టే రీలు ఏ కెమెరాలోనూ లేదు. ఉన్న ఒక్క ముక్కా పొయ్యిలో చుర్రుమంది.

"తిరుగటు!" అని అరిచింది.

"ఏంటొదినా? మొహం కావాలన్నావుగా!"

"వద్దు. అటు తిరుగు, నీళ్ళవైపు."

భుజాలెగరేసి తిరిగాడు. ఇంకో మొహాన్ని ఆయన మీద పెట్టదు. కొడుక్కి చెబుతుంది, మొహం లేదురా, ఉన్నదాన్ని నేనే కాల్చేశాను. వాడు అరుస్తాడు, అరవనీ. మీ తాత రాయి మీద ఏముందిరా, వంశపు గుర్తూ పేరూ, అంతే కదా, అలాగే చెక్కిద్దాం. చెక్కే ముసలాడు కళ్ళద్దాలు పైకి తోసుకుని అడుగుతాడు, పేరు చెప్పమ్మా. ఎదురుగా నిలబడి చెప్పాలి. ఇంటాయన అంటే ఊరుకోడు, ఓయ్ అంటే రాతిమీద చెక్కడు. ఈ నోటికి ఆ పేరు ఎలా పలుకుతుందో కూడా తెలియదు, పెళ్ళికి ముందు చెలికత్తెలతో గుసగుసగా ఒకసారి అన్నదే. ఆపైన ఆ పేరున్న పొరుగింటి పిల్లాణ్ణి కూడా వేరే పేరుతో పిలిచింది. మర్యాదే అది, తప్పని ఎవరన్నారు, తన తల్లీ అంతే, తల్లి తల్లీ అంతే. కానీ ఆ నువ్వుగింజంత ఏళ్ళలో, ఆ అద్దపు మెరుపు ఏళ్ళలో, చుట్టూ మనిషి పురుగు లేని ఈ ఉప్పునేల మీద, ఒక్కసారి పిలిచుంటే ఎవరు వినేవాళ్ళు, ఏ అత్త నొచ్చుకునేది. వినాల్సినవాడు ఎంత దూరాన్నుంచైనా వినేవాడు. తిరిగేవాడు.

రాగి పలచబడుతోంది. అంచులనించి బూడిద ఎక్కుతోంది. వేలు మీట మీదే ఉంది గానీ నొక్కడం మర్చిపోయింది. స్టాండు వదిలేసి రాయి అంచుకి వచ్చి, నోటికి రెండు చేతులూ అడ్డుపెట్టుకుంది.

"అమన్‌తాయ్!"

గొంతు తనది కానట్టుంది. ఆ పేరుని గాలి తీసుకుంది, ఉప్పునేల మీదుగా, రెల్లు మీదుగా తీసుకుపోయింది.

"అమన్‌తా...య్!"

కింద దోస్‌జాన్ వీపు ఒక్కసారి ఉలిక్కిపడింది. తిరగలేదు. ఆ పిలుపు తనకి కాదని అతనికి తెలుసు. నీళ్ళవైపే చూస్తూ, పక్కన ఇంకొకరికి చోటు వదుల్తున్నట్టు, ఒక అడుగు ఎడంగా జరిగి నిలబడ్డాడు.